నేను వేసిన రెండో పొర

"ఇవాళ చెయ్యి జారితే?"

అప్పటికింకా ఏమీ జరగలేదు. పొద్దున్న ఆరున్నర. మా అమ్మాయి గుమ్మం దగ్గర వంగి బూట్ల తాళ్ళు కట్టుకుంటోంది. నేను వంటింట్లోంచి గరిటె పట్టుకునే పరుగెత్తుకొచ్చి ఆ మాట అనేశాను. అనకుండా ఉందామనే లేచాను. ఉండలేకపోయాను.

"జారితే పడతానమ్మా," అంది తలెత్తకుండా.

"పడితే?"

"లేస్తాను."

"లేవలేకపోతే?"

"అప్పుడు నువ్వొచ్చి లేపుదువుగాని. ముందా గరిటె నా నెత్తిమీద కార్చకు."

లోపలి గదిలోంచి మా అత్తగారు అందుకున్నారు. "భయపడటానికి పోటీలు పెడితే ఈ ఇంట్లో పతకాలన్నీ మా కోడలివే!"

అమ్మాయి నవ్వి సంచీ భుజాన వేసుకుంది. నేను గుమ్మానికి అడ్డంగానే నిలబడ్డాను. మా ఇద్దరి మధ్యా ఒక మాట ఉంది. తనకి ఏడేళ్ళప్పుడు, మొదటి రోజు ఆట నేర్పే హాలుకి పంపిస్తూ అడిగాను. అప్పట్నుంచీ అడగకుండా పంపింది లేదు.

"ఎలా దిగుతావ్?"

"రెండు కాళ్ళ మీద."

ఆ జవాబు వింటేనే నేను పక్కకి జరిగేది. పదహారేళ్ళు అంతే.

మా అమ్మాయిది జిమ్నాస్టిక్స్. అందులోనూ తనకి పేరు తెచ్చింది రెండు బార్ల మీద చేసే ఆట. ఒక బార్ పొట్టిది, ఒకటి ఎత్తుది. ఎత్తు బార్ ని పట్టుకుని గిరగిరా తిరుగుతూ ఒకచోట చేతులు వదిలేసి, గాల్లో మొగ్గ వేసి, మళ్ళీ అదే బార్ ని అందుకోవాలి. ఆ "వదిలేసి" అన్న మాట దగ్గరే నా పైప్రాణాలు పైనే పోతాయి. దేశం మొత్తం మీద ఆరుసార్లు తనే మొదట నిలిచింది. ఆ ఆరుసార్లూ నేను హాలు బయట నడవాలో కుర్చీ గోడవైపు తిప్పుకుని కూర్చున్నాను. నేను చూస్తే పడుతుందని నా భయం. మా ఆయన సిటీ బస్సు నడుపుతారు, దేనికీ కంగారుపడే మనిషి కాదు. "నువ్వు కళ్ళు మూసుకుంటే కింద నేల మెత్తబడుతుందా?" అనేవారు. మెత్తబడదని నాకూ తెలుసు. అయినా తిప్పుకునేదాన్ని.

ఆ వేసవికి తనకి ఇరవై మూడు. "ఈ ఆటలో ఇరవై మూడంటే నానమ్మ వయసు," అని తనే అనేది. వేసవి చివర జాతీయ పోటీలు. అందులో గెలిస్తే ప్రపంచ పోటీలకి పంపుతారు. అక్కడికి తను ఒక్కసారీ వెళ్ళలేదు. ఒకసారి చీలమండ, ఒకసారి భుజం అడ్డుపడ్డాయి; మిగతా ఏళ్ళు ఇక్కణ్ణుంచి ఎవరినీ పంపనేలేదు. ఇదే ఆఖరి వేసవి అని ఎవరూ పైకి అనలేదు. ఇంట్లో అందరికీ తెలుసు.

*

ఒక ఆదివారం తన సంచీలోంచి ఉతకాల్సిన బట్టలు తీస్తున్నాను. అడుగున గ్రిప్పులు తగిలాయి. బార్ పట్టుకునేటప్పుడు అరచేతులకి తొడుక్కునే తోలు పట్టీలు అవి. ఒక కొన మణికట్టుకి బిగుస్తుంది, రెండో కొనకున్న కంతల్లో వేళ్ళు దూరతాయి. "బట్టలు ఎన్నయినా తీసుకో, గ్రిప్పుల జోలికి మాత్రం వెళ్ళకు," అని నాకు చాలాసార్లు చెప్పింది. వెళ్ళకూడదనే అనుకున్నాను. కానీ కిటికీ వెలుగులో ఎత్తి చూశాను. చూడకుండా ఉండాల్సింది.

అరచేతి దగ్గర తోలు అరిగి అరిగి ఉల్లిపొరలా అయిపోయింది. వేలి కంత పక్కన గోరంత చీలిక. ఆ చీలికలోంచి వెలుగు నా కంట్లోకి సూదిలా దిగింది. తను గాల్లో ఉండగా అది పర్రున చిరిగే చప్పుడు నాకు అక్కడే, ఆ కిటికీ దగ్గరే వినిపించింది.

నేను పనిచేసేది తోలు గ్లౌజుల కార్ఖానాలో. వెల్డింగ్ చేసేవాళ్ళు వేసుకునే మందపాటి గ్లౌజులు కుడతాం. అరచేతి దగ్గర అదనంగా రెండో పొర వేసి కుట్టడం నా పని. పన్నెండేళ్ళలో నేను వేసిన పొర ఊడిందని ఒక్క గ్లౌజూ వెనక్కి రాలేదు. సోమవారం అమ్మాయికి సెలవు. గ్రిప్పులు చీర మడతలో పెట్టుకుని పనికి వెళ్ళాను. టీ వేళ అందరూ బయటికి పోయాక మెత్తటి తోలు ముక్కలు రెండు ఏరి, అంచులు పల్చగా చెక్కి, మైనం రాసిన దారంతో దగ్గర దగ్గరగా కుట్టాను.

పక్క మెషీనావిడ టీ గ్లాసుతో వచ్చి తొంగిచూసింది. "ఏంటక్కా, అంత ముద్దుగా కుడుతున్నావ్?"

"మా అమ్మాయికి."

"చెప్పి కుడుతున్నావా, చెప్పకుండానా?"

నేను దారం కొరికేశాను.

సాయంత్రం వాటిని సంచీలో యథాస్థానంలో పెట్టేశాను. ఆ వేసవి మొత్తంలో నేను కంటినిండా నిద్రపోయింది ఆ ఒక్క రాత్రే.

*

మర్నాడు మధ్యాహ్నం మెషీను ముందునుంచి తలెత్తేసరికి కార్ఖానా తలుపు దగ్గర మా ఆయన. ఒంటిమీద బస్సు యూనిఫాం. డ్యూటీ మధ్యలో ఆయన ఎక్కడా ఆగరు. నా చేతులు మెషీను మీదే ఉండిపోయాయి.

"బాగానే ఉంది. ముందు ఆ మాట విను," అన్నారు దగ్గరికొచ్చి. "తల కాదు. వెన్ను కాదు. మణికట్టు."

ఆసుపత్రి నడవాలో బెంచీ మీద కూర్చుని ఉంది అమ్మాయి. కుడిచేతికి మోచేతి దాకా కట్టు. పక్కన మాస్టారు. ఏడేళ్ళ పిల్లని చేతిలో పెడితే ఆట నేర్పి ఇంతదాన్ని చేసిన మనిషి, బట్టలనిండా సుద్దపొడితో. అమ్మాయి ఒళ్ళో సంచీ తెరిచి ఉంది. పైనే గ్రిప్పులు. నా కుట్టు కనిపిస్తోంది. ఒక్క పోగు కూడా తెగలేదు.

తెగకపోవడమే జరిగింది. మాస్టారు మా ఆయనకి చెబుతుంటే విన్నాను. గ్రిప్పు తోలు పల్చగా ఉండి బార్ మీద జారుతూ తిరగాలట. మందమైతే మడతపడి బార్ ని కరిచి పట్టుకుంటుందట. మనిషి తిరిగింది. చెయ్యి తిరగలేదు.

ఎముక విరగలేదు, నరం బెణికింది, పది రోజులు ఆ చేతి మీద బరువు వేయొద్దు అన్నాడు డాక్టరు. పోటీలకి ఆరు వారాలుంది. చేతికి కుదిరిన ఒక్క జతా నా సూది కంతలతో పాడైంది. కొత్త జత బిరుసుగా ఉంటుంది, చేతికి అలవాటు కావడానికే నెలలు పడుతుంది.

అమ్మాయి తలెత్తి నన్ను చూసింది. ఇప్పుడు తిడుతుంది అనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. తను జిప్పు లాగి సంచీ మూసేసింది.

ఇంటికొచ్చాక కూడా అంతే. వాళ్ళ నాన్నతో మాట్లాడింది, నానమ్మతో మాట్లాడింది. నా దగ్గరికొస్తే తల ఊపడమే. పెట్టనా అంటే ఊ అని తల, చాలా అంటే ఊ అని తల. నాకు ముద్ద దిగేది కాదు. నేను చేసిన పని మా ఆయనకి ఆ సాయంత్రమే చెప్పేశాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. మా అత్తగారు మాత్రం ఆగలేదు.

"ఇన్నేళ్ళు అది పడుతుందని భయపడ్డావు. చివరికి నువ్వే పడేశావు కదే."

ఆ మాట నిజమే. ఆవిడ కంచం కొంచెం నా ముందుకి జరిపారు. "తిను. నువ్వూ మంచమెక్కితే వండేదెవరు?"

పదకొండో రోజు పొద్దున్న అమ్మాయి గుమ్మం దగ్గర వంగి, ఎడమచేత్తో ఎక్కువగా, కుడిచేత్తో తక్కువగా తాళ్ళు కట్టుకుంది. నేను వచ్చి నిలబడ్డాను. పదహారేళ్ళ మాట గొంతులోనే ఉంది. ఏ మొహం పెట్టుకుని అడగను? తను లేచి, సంచీ సర్దుకుని, గడప మీద ఒక్క క్షణం ఆగింది. నేను పక్కకి జరిగాను. వెళ్ళిపోయింది.

*

"మాస్టారికి నువ్వే చెప్పు," అన్నారు మా ఆయన. "ఆయనకి తెలియకుండా దాచడం మర్యాద కాదు."

సగంరోజు సెలవు పెట్టి వెళ్ళాను. ఆ హాల్లోకి అడుగు పెట్టడం అదే మొదలు. నడవా దాకానే నా రాజ్యం. మాస్టారు తలుపు దగ్గరే కనిపించారు.

"మాస్టారూ, ఆ కుట్టు నాది."

ఆయన ఆశ్చర్యపోలేదు. కొంచెం నవ్వినట్టే ఉంది. "మీ అమ్మాయి తనే కుట్టించుకున్నానంది. ఇంత తెలివితక్కువ పని ఎలా చేశావే అని అందరి ముందూ చెడామడా తిట్టాను. తలొంచుకుని తిట్లన్నీ పడింది."

నా తప్పు తను నెత్తిన వేసుకుందన్నమాట.

"ఇంకొకటమ్మా. అది ఎక్కేముందు గ్రిప్పు చూసుకోకుండా ఎక్కదు. ఆ రోజూ చూసుకుంది. బొటనవేలితో ఆ కుట్టంతా నెమ్మదిగా తడిమింది, నేను దూరం నుంచి చూశాను. చూసే ఎక్కింది. ఎందుకెక్కావంటే చెప్పదు."

అది ఎవరి కుట్టో ఆ వేలికి తెలిసే ఉంటుంది. "కుట్టు మాత్రం గట్టిదమ్మా," అన్నారాయన. "విప్పడానికి నాకు గంట పట్టింది."

నేను వెనక్కి తిరిగాను. ఆయన కుర్చీ చూపించారు. "వచ్చారుగా, చూసి వెళ్ళండి."

"నేను చూడనండీ. నేను చూస్తే..."

"పదహారేళ్ళు చూడలేదు. చూడకుండానే పడింది. ఇంక చూస్తే పోయేదేముంది?"

కూర్చున్నాను. కుర్చీ గోడవైపు తిప్పుకోలేదు.

నా కూతురు అక్కడ నాకు తెలిసిన మనిషి కాదు. ఇంట్లో తువ్వాలు ఎక్కడ పడితే అక్కడ పారేసే పిల్ల, పట్టు జారకుండా సుద్దపొడి అరచేతుల్లో వేసుకుని పూజారి అంత శ్రద్ధగా రుద్దుకుంది. బిరుసు గ్రిప్పులు తొడుక్కుని ఎత్తు బార్ అందుకుంది. రెండు తిరుగుళ్ళు తిరిగి వదిలేసింది. వేళ్ళు బార్ అంచుకి తగిలి జారాయి. దబ్బున పరుపు మీద పడింది. నేను కుర్చీలోంచి సగం లేచాను. తను లేచి, చేతులు దులుపుకుని, మళ్ళీ సుద్దపొడి గిన్నె దగ్గరికి నడిచింది.

మళ్ళీ పడింది. మళ్ళీ లేచింది. ఇరవై దాకా లెక్కపెట్టి మానేశాను.

మానేశాకే నాకు అసలు విషయం కనిపించింది. తను ఒక్కసారి కూడా ఊరికే పడటం లేదు. చెయ్యి జారిన ఆ రెప్పపాటులోనే గడ్డం ఛాతీకి చేరుతుంది. మోచేతులు లోపలికి ముడుచుకుంటాయి. నేలకి చెయ్యి ఆనించదు, వీపుని గుండ్రంగా చేసి దొర్లిపోతుంది. కార్ఖానాలో నేను తోలు మీద కత్తెర పెట్టేటప్పుడు నా వేళ్ళు వాటంతట అవి పక్కకి తప్పుకుంటాయి, అలాగ. పడటం కూడా తనకి చేతనైన పనే.

"మొదటి రెండేళ్ళూ నేను నేర్పింది పడటమే," అన్నారు మాస్టారు నా వెనకనుంచి. "ఎగరడం ఆ తర్వాత."

ఎలా దిగుతావ్ అని రోజూ అడుగుతూ వచ్చాను. ఇన్నివిధాల దిగడం వచ్చినదాన్ని అడిగాను. నా కళ్ళకి నీళ్ళు అడ్డం వచ్చినా తుడుచుకోలేదు. తుడుచుకుంటే ఒక్కటైనా చూడకుండా పోతానేమోనని.

ఆ మధ్యాహ్నం ఆఖరున తను గాల్లోంచి బార్ ని ఒక్కసారి పట్టుకుంది. ఒక్కటంటే ఒక్కసారి. దిగి గ్రిప్పులు విప్పుకుంటూ ఇటు చూసింది. నేను లోపల, కుర్చీలో, హాలువైపు మొహం పెట్టి కూర్చుని ఉన్నాను. తను చూస్తూ అలాగే నిలబడింది. తర్వాత వెళ్ళి నీళ్ళు తాగింది.

*

రెండు రోజుల తర్వాత, నేను పనినుంచి వచ్చి బల్ల దగ్గర కూర్చుంటే, ఆ కొత్త గ్రిప్పులు తెచ్చి నా ముందు పెట్టింది. ఎదురు కుర్చీ లాక్కుని కూర్చుంది.

నా చేతులు వాటంతట అవే ముందుకి పోయాయి. తోలు కనిపిస్తే చాలు, వాటికి అలవాటు. సగంలో వెనక్కి లాక్కుని ఒళ్ళో పెట్టుకున్నాను.

"నేను ముట్టుకోను," అన్నాను.

తను కదల్లేదు. గ్రిప్పులూ కదల్లేదు. చివరికి నేనే చెప్పాను. "కార్ఖానాలో బిరుసు తోలుని ఎలా మెత్తబరుస్తామో చెబుతాను. చేసేది నువ్వే. నీళ్ళు తగలనివ్వకు, ఎండితే ఇంకా బిగుసుకుంటుంది. ఆవిరి చాలు. గుండ్రటి కర్రకి వేసి లాగు. బలంతో కాదు. మెత్తగా, మాటిమాటికి."

తను వెళ్ళి చీపురుకర్ర పట్టుకొచ్చింది. నేను పొయ్యి మీద గిన్నె పెట్టాను. ఆవిరికి పట్టడం, కర్రకి వేసి లాగడం, మళ్ళీ ఆవిరి. అలా మూడు వారాలు, రోజూ ఆ బల్ల దగ్గరే. "అక్కడ కాదు, వేళ్ళ దగ్గర," అనేదాన్ని నేను. తను చెప్పినచోట లాగేది. మా అత్తగారు వచ్చి చూసి, "నా చీపురుకి కూడా పతకం ఇస్తారా?" అని అడిగారు. అమ్మాయి పకపకా నవ్వింది. నావైపు చూసి కాదు, కానీ నేనున్న గదిలోనే నవ్వింది. ఆ పూట నేను కడుపునిండా తిన్నాను.

*

పోటీలు రాజధానిలో. మా ఆయన సెలవు పెట్టుకుని, ఇంకొకరు నడిపే బస్సులో కూర్చుని దారంతా ఆ డ్రైవరుకి వంకలు పెట్టారు. హాలు దగ్గర నడవాలో ఒక ఖాళీ కుర్చీ చూపించి, "నీ సింహాసనం సిద్ధంగా ఉంది," అన్నారు.

"నోర్మూసుకుని లోపలికి నడవండి," అన్నాను.

రెయిలింగు పక్కనే, ముందు వరసలో కూర్చున్నాం. పిల్లలు వరసగా లోపలికి వస్తున్నారు. పదిహేనేళ్ళవాళ్ళు, పదహారేళ్ళవాళ్ళు, జడల్లో మెరుపులు. అందరి వెనకా మా అమ్మాయి, కుడి మణికట్టుకి తెల్లటి పట్టీతో. వాళ్ళ మధ్య వాళ్ళ టీచరులా ఉంది.

రెయిలింగుకి కొద్ది దూరంలోంచి తను వెళుతుండగా నా నోరు దానంతట అది తెరుచుకుంది. ఆరు వారాలుగా లోపల పెట్టుకున్న మాట కదా, పెద్దగా వచ్చేసింది.

"ఎలా దిగుతావ్?"

చుట్టూ ఉన్నవాళ్ళు తిరిగి చూశారు. తను తిరగలేదు. అడుగు తడబడలేదు. వరసలో అలాగే నడిచి వెళ్ళిపోయింది. మా ఆయన నా చెయ్యి పట్టుకున్నారు.

తన వంతు చివరికి వచ్చింది. సుద్దపొడి రుద్దుకుంది. బొటనవేలితో గ్రిప్పులు తడుముకుంది. బార్ అందుకుంది.

నేను కళ్ళు మూసుకోలేదు. అదొక్కటే ఆ రోజు నేను చేసిన పని.

పొట్టి బార్ నుంచి ఎత్తు బార్ కి ఎగిరింది, కొమ్మ మీంచి కొమ్మకి పిట్ట వాలినట్టు. తలకిందులుగా చేతుల మీద నిలబడి ఒక్క క్షణం అలాగే ఆగింది, పాదాలు పైకప్పు కేసి చూస్తూ. హాల్లో అంతమంది ఉన్నాం, బార్ కిర్రుమనే చప్పుడు వినిపిస్తోంది. ఒక తిరుగుడు. రెండో తిరుగుడు. వదిలేసింది.

దేన్నీ పట్టుకోకుండా, ఏదీ అంటకుండా, గాల్లో నా కూతురు. పదహారేళ్ళు గోడకి మొహం పెట్టి నేను పోగొట్టుకున్నది ఇదన్నమాట. ఎంత బాగుందో. అంత ఎత్తులో అంత నెమ్మదిగా ఎలా ఉంది! మొగ్గ విచ్చుకుంది, చేతులు చాచింది, పది వేళ్ళూ బార్ ని అందుకున్నాయి. తోలు జారుతూ తిరిగింది. మూడు వారాల ఆవిరి తిరిగింది.

చివరి తిరుగుళ్ళు తిరిగి ఎగిరి దిగింది. పాదాలు నేలకి తగిలిన చప్పుడు. ఒంట్లో చిన్న కుదుపు, ఒక పాదం కొంచెం వెనక్కి. చేతులు పైకి.

జనం లేచి నిలబడ్డారు. బోర్డు మీద తన పేరు కింది నుంచి పైకి పాకి అన్నిటికన్నా పైన ఆగింది. మా ఆయన ఎవరో ముక్కూమొహం తెలియని మనిషిని కౌగలించుకున్నారు. మాస్టారు నేల మీద కూర్చుండిపోయారు. ఏడో పతకం, ప్రపంచ పోటీలు, అన్నీ నిజమే, అన్నీ కనిపిస్తున్నాయి. నేను మాత్రం తన పాదాలనే చూస్తున్నాను.

తను మాస్టారి తల మీద ఒక చెయ్యి వేసి, ఎవరో అందించిన తువ్వాలు మెడకి వేసుకుని, కెమెరాలవాళ్ళు పిలుస్తున్నా ఆగకుండా రెయిలింగు దగ్గరికి వచ్చింది. చెంపలు ఎర్రగా ఉన్నాయి. ఊపిరి ఇంకా అందలేదు. గ్రిప్పులు తొడుక్కున్న రెండు చేతులూ రెయిలింగు మీదుగా చాచి, నా రెండు చేతుల మీదా పెట్టింది. తోలు వెచ్చగా, మెత్తగా ఉంది.

"రెండు కాళ్ళ మీదేనమ్మా," అంది. "ఒక చిన్న అడుగు వెనక్కి పడింది. చూశావుగా."